క్లస్టర్‌లో నోడ్ పడిపోతే లాగ్‌లన్నీ ఒకే ఫైల్‌లో చూడండి

పేస్‌మేకర్ (సర్వర్లను ఒక గుంపుగా నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్‌లో ఒక నోడ్, అంటే ఒక సర్వర్, ఫెన్స్ అయితే (మిగతావి దాన్ని బలవంతంగా ఆపినా, రీబూట్ చేసినా), మూడు నోడ్లకు మూడు టెర్మినళ్లు తెరిచి లాగ్‌లలో ఏ లైను ముందు వచ్చిందో పోల్చడానికే బోలెడు సమయం పోతుంది.

ముందు ప్రతి నోడ్‌లో 'క్రోనీసీ ట్రాకింగ్' (chronyc tracking) కమాండ్ కొట్టి గడియారాల తేడా చూడండి. ఇది వదలొద్దు. నోడ్ల మధ్య సమాచారం నడిపే కొరోసింక్‌లో 3.1 వెర్షన్ నుంచి టోకెన్ టైమవుట్ (నోడ్ నుంచి స్పందన కోసం ఆగే సమయం) డీఫాల్ట్‌గా 3000 మిల్లీసెకన్లే, కాబట్టి ఒక్క సెకను తేడా ఉన్నా కారణం, ఫలితం తారుమారుగా కనిపిస్తాయి.

తర్వాత ప్రతి నోడ్‌లో సిస్టమ్ లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ (journalctl) కమాండ్‌ని యూటీసీ (అన్ని నోడ్లకూ ఒకే ప్రపంచ ప్రామాణిక సమయం) ఆప్షన్‌తో, అవుట్‌పుట్ 'షార్ట్-ఐఎస్ఓ-ప్రిసైజ్' (short-iso-precise)గా పెట్టి నడపండి. ఫెన్స్ అయిన క్షణానికి 10 నిమిషాల ముందు నుంచి 2 నిమిషాల తర్వాత వరకు చాలు. సిన్స్ (ఎప్పటి నుంచి), అంటిల్ (ఎప్పటి వరకు) ఆప్షన్ల దగ్గర ఇచ్చే టైమ్ చివర కూడా యూటీసీ అని రాయాలి, లేకపోతే లోకల్ టైమ్‌గా తీసుకుంటుంది. కొరోసింక్, పేస్‌మేకర్ లైన్లే కావాలని యూనిట్ ఫిల్టర్ పెట్టకండి. నెట్‌వర్క్ కార్డు లింక్ పోయిందనో, డిస్క్ ఆగిందనో కెర్నెల్ చెప్పే మాట అందులో రాదు, చాలాసార్లు అసలు ఆధారం అదే.

ఆ ఫైళ్లన్నీ ఒకచోటికి తెచ్చి సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. లైను మొదట్లో టైమ్, పక్కనే నోడ్ పేరు ఉంటాయి కాబట్టి జరిగినదంతా వరసగా చదువుకోవచ్చు.

ఒక జాగ్రత్త: స్టోరేజ్ సెట్టింగ్ 'ఆటో' అయి, వార్ లాగ్ కింద జర్నల్ డైరెక్టరీ (/var/log/journal) లేని నోడ్‌లో జర్నల్, అంటే ఆ లాగ్‌లు, మెమరీలోనే ఉంటుంది, రీబూట్‌తో పోతుంది. ఈ లాగ్‌లు రాసే సర్వీస్ జర్నల్‌డీ కాన్ఫిగ్‌లో స్టోరేజ్‌ని పర్సిస్టెంట్ అని ముందే మార్చి, ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేసి ఉంచండి.