నగరపు వెలుగులో డీప్‌స్కై ఫొటోలు: సమస్య - పరిష్కారం

గెలాక్సీలు, నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు మేఘాల) వంటి దూరపు వస్తువులను తీసేవే డీప్‌స్కై ఫొటోలు. స్టాక్ చేసిన (చాలా ఫ్రేములను ఒకటిగా కలిపిన) ఫొటో బాగా రాకపోతే చాలామంది వెంటనే సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు జరపడం మొదలుపెడతారు. గంటలు గడిచినా తప్పు దొరకదు, ఎందుకంటే అది చాలాసార్లు షూటింగ్‌లోనే జరిగి ఉంటుంది. ముందు ఒక్క రా ఫ్రేమ్ (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫొటో) తెరవండి. నూరు శాతం జూమ్‌లో మధ్యభాగాన్నీ నాలుగు మూలలనూ చూడండి. ఆ తర్వాత రాత్రి మొదట్లో తీసిన ఫ్రేమ్‌నూ చివర్లో తీసిన ఫ్రేమ్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. సగం సమస్యలు అక్కడే బయటపడతాయి.

కింది లెక్కలు ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరా (పిక్సెల్ 3.9 మైక్రాన్లు), 135 మి.మీ. లెన్సు, గైడింగ్ (ఒక చుక్కను గమనిస్తూ గురిని సరిదిద్దే ఏర్పాటు) లేని చిన్న స్టార్ ట్రాకర్‌కి (ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే యంత్రానికి) వేసినవి. ఈ జోడీలో ఒక పిక్సెల్‌కి దాదాపు 6 ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకన్) ఆకాశం పడుతుంది. మీ సామగ్రికైతే పిక్సెల్ సైజును (మైక్రాన్లలో) 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో (మి.మీ.లో) భాగించండి.

చుక్కలు గీతల్లా సాగాయి

ఎటువైపు సాగాయన్నదే ఇక్కడ అసలు ఆధారం. ట్రాకర్ ఆపేసి అదే చోట 30 సెకన్ల ఫొటో ఒకటి తీయండి. అందులో గీతలు ఎటు ఉంటే అది తూర్పు-పడమర దిశ. ఇప్పుడు చెడిన ఫ్రేమ్‌ను దానితో పోల్చండి.

సాగడం ఆ గీతలకు అడ్డంగా, ప్రతి ఫ్రేమ్‌లోనూ ఒకేలా ఉంటే పోలార్ అలైన్‌మెంట్ (ట్రాకర్ అక్షాన్ని ఖగోళ ధ్రువానికి గురిపెట్టడం) తప్పింది. ఉత్తరార్ధగోళంలో ఎక్కువగా జరిగే పొరపాటు ట్రాకర్‌ను నేరుగా ధ్రువ నక్షత్రానికే గురిపెట్టడం. అసలు ధ్రువం దానికి దాదాపు 40 ఆర్క్‌మినిట్ల (60 ఆర్క్‌మినిట్లు ఒక డిగ్రీ) దూరంలో ఉంటుంది. ఆ ఒక్క తేడాతోనే చుక్క నిమిషానికి 10 ఆర్క్‌సెకన్ల దాకా జరుగుతుంది, అంటే మన జోడీలో దాదాపు రెండు పిక్సెళ్లు. పోలార్ స్కోప్ (ట్రాకర్‌లోని చిన్న గురి దుర్భిణి) వలయంపై ఆ వేళకు నక్షత్రం ఏ గడియార స్థానంలో ఉండాలో ఫోన్ యాప్‌లో చూసి, అక్కడికి తెచ్చి బిగించండి. కెమెరా ఎక్కించాక మళ్లీ ఒకసారి చూడాలి. బరువు పడగానే ట్రైపాడ్ కాస్త కుంగుతుంది.

ఆ గీతల దిశలోనే, కొన్ని ఫ్రేముల్లో ఎక్కువగా, కొన్నింటిలో అసలు లేకుండా వస్తుంటే అది ట్రాకర్ గేర్ల దోషం. దాన్ని మాన్పలేం, తప్పించుకోగలం: ఎక్స్‌పోజర్‌ను 60 నుంచి 30 సెకన్లకు తగ్గించండి, తూర్పు వైపు బరువు ఒక పిసరు ఎక్కువ ఉంచండి. అలా ఉంచితే గేర్లు ఎప్పుడూ ఒకదానికొకటి ఆనుకునే తిరుగుతాయి.

అన్ని చుక్కలూ ఒకే తీరులో కొక్కెంలా వంకర తిరిగి, అది కొన్ని ఫ్రేముల్లోనే కనిపిస్తే గాలో, అడుగుల చప్పుడో, షటర్ నొక్కిన కుదుపో కారణం. ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపకండి. ఇమేజ్ స్టెబిలైజేషన్ ఆపి, ఇంటర్వెలోమీటర్ (ముట్టుకోకుండా షటర్‌ను వరుసగా నొక్కే పరికరం) వాడండి. మూలల్లో మాత్రమే రెక్కలు వచ్చినట్టుంటే అది లెన్సు గుణం. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4కి దిగితే చాలావరకు తగ్గుతుంది, కానీ వెలుగు సగమవుతుంది కాబట్టి మొత్తం సమయం రెట్టింపు చేయాలి.

ట్రాకర్ లేకపోతే 135 మి.మీ. మరచిపోండి. ఖగోళ మధ్యరేఖ దగ్గర చుక్క సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు కదులుతుంది. 50 మి.మీ. లెన్సుతో రెండు సెకన్ల ఫ్రేములు వందలకొద్దీ తీయడమే మేలు.

గుండ్రంగానే ఉన్నా ఉబ్బి, చుట్టూ ఊదా రంగు

మొదటి ఫ్రేమ్ నుంచీ ఇలాగే ఉంటే ఫోకస్ తప్పింది. లెన్సు మీద అనంతం గుర్తును నమ్మకండి. ప్రకాశవంతమైన చుక్కను లైవ్‌వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, బాటినోవ్ మాస్క్ (చుక్క చుట్టూ మూడు గీతలు చూపే చీలికల మూత) పెట్టి, మధ్య గీత మిగతా రెంటికీ సరిగ్గా నడుమకు వచ్చేదాకా రింగు తిప్పి టేపు వేయండి. చలి పెరిగేకొద్దీ ఫోకస్ జారుతుంది. గంటకోసారి చూసుకోవాలి.

మొదట్లో బాగుండి, రానురాను చుక్కలు తగ్గి చుట్టూ వెలుగు వలయాలు వస్తే అది మంచు పట్టడం. గుడ్డతో తుడిస్తే నిమిషాల్లో మళ్లీ వస్తుంది. లెన్సు ముందు అంచుకు హీటర్ పట్టీ చుట్టి, పవర్‌బ్యాంక్‌కు కలపండి. చేతిలో కొంచెమే డబ్బుంటే ఖరీదైన ఫిల్టర్ కంటే ముందు కొనాల్సింది ఇదే.

ఆకాశం బూడిద రంగులో వెలిగిపోతోంది, వస్తువు కనబడదు

ఎక్స్‌పోజర్ పెంచితే వస్తువు బయటపడుతుందనుకోవడం నగరంలో పనికిరాని ఆలోచన. గెలాక్సీ వెలుగుతోపాటు ఆకాశపు వెలుగూ అంతే పెరుగుతుంది. ఐఎస్ఓ 800 పెట్టి, హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) శిఖరం ఎడమ అంచు నుంచి పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య నిలిచేలా ఎక్స్‌పోజర్ ఎంచుకోండి. నగరంలో ఒక్కోసారి 20-30 సెకన్లకే అక్కడికి వస్తుంది. ఆ గీత దాటాక ఫ్రేమ్ పొడవు కాదు, మొత్తం సమయమే లెక్క. నాయిస్ (ఫొటోలోని గరుకుదనం) సగమవ్వాలంటే సమయం నాలుగు రెట్లు కావాలి: గంటకు 30 సెకన్ల ఫ్రేములు 120 అయితే, నాలుగు గంటలకు 480. రెండు మూడు రాత్రులవి కలిపి స్టాక్ చేయొచ్చు.

వస్తువు ఎంపిక కూడా పరిష్కారంలో భాగమే. ఎం42 (ఓరియన్ నెబ్యులా), కృత్తికలు (ఎం45), ఎం31 (ఆండ్రోమెడా గెలాక్సీ) నడిబొడ్డు నగరంలోనూ దొరుకుతాయి. ఎం33 గెలాక్సీ వెలుగంతా పలచగా పరుచుకుని ఉంటుంది, దానితో మొదలుపెడితే నిరాశే. ఎం57 (రింగ్ నెబ్యులా) వెలుగు మంచిదే గానీ, 135 మి.మీ. లెన్సులో అది పదిహేను పిక్సెళ్ల చుక్క. వస్తువు 40 డిగ్రీల పైకి వచ్చాకే తీయండి. 30 డిగ్రీల ఎత్తులో నడినెత్తిన కంటే రెట్టింపు గాలి పొర అడ్డుంటుంది, నగరపు వెలుగు కూడా అక్కడే పేరుకుంటుంది.

డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ 656 నానోమీటర్ల హైడ్రోజన్, 501 నానోమీటర్ల ఆక్సిజన్ వెలుగును మాత్రం వదులుతుంది. ఉద్గార నెబ్యులాలకు (తామే వెలుగు చిమ్మే వాయు మేఘాలకు) అది వరం. గెలాక్సీలకు, చుక్కల గుంపులకు వాడకండి. వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది, ఫిల్టర్ దాన్నీ కోసేస్తుంది.

ఒక మూల ఎర్రగా, ఇంకో మూల చీకటిగా

ఇది గ్రేడియెంట్ (నేపథ్యపు వెలుగు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మారడం). సిరిల్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందు స్టాక్ అంచులు కత్తిరించి, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ (నేపథ్యపు వెలుగును కొలిచి తీసేయడం) చేయండి. స్ట్రెచ్ చేయడం (మసక భాగాలను వెలిగించడం) వీటి తర్వాతే. నేపథ్యాన్ని కొలిచే నమూనా బిందువులు నెబ్యులా మీద పడితే నెబ్యులానే తుడిచిపెట్టుకుపోతుంది, వాటిని చేత్తో తీసేయండి. ఫ్రేమ్‌లో వీధిదీపాల వెలుగు పడే వైపు రాత్రంతా మారుతూ పోతే, స్టాక్‌కు ముందే ఒక్కో ఫ్రేమ్ మీద మొదటి డిగ్రీ (సరళరేఖలా మారే వెలుగును తీసే) సవరణ చేస్తే ఎక్కువ ఫలితం.

అంచులు చీకటి, మధ్యలో మసక వలయాలు

లెన్సు నీడ, సెన్సర్ మీది దుమ్ము. ఫ్లాట్ ఫ్రేములు (అంతటా సమానమైన తెల్లని వెలుగును తీసిన ఫొటోలు) తప్ప మరో మందు లేదు. కెమెరాను కదపకుండా, అదే ఫోకస్, అదే ఐఎస్ఓ, అదే అపర్చర్‌లో లెన్సుకు రెండు పొరల తెల్లగుడ్డ కట్టి, తెల్లని ట్యాబ్లెట్ తెర పెట్టి 25-30 తీయండి. హిస్టోగ్రామ్ నడిమికి రావాలి. ఫ్లాట్లు వేశాక అంచులు తెల్లబడితే బయాస్ ఫ్రేములు (సెన్సర్ సొంత సంకేతాన్ని మాత్రమే పట్టే ఫొటోలు) వేయలేదన్నమాట. మూత పెట్టి, అతి తక్కువ షటర్ సమయంలో 50 తీసి కలపండి.

నేపథ్యంలో వాలు చారలు

వాన కురిసినట్టు ఒకే వాలులో సన్నని చారలు కనబడితే, చిన్న డ్రిఫ్ట్ (గురి మెల్లగా జారడం) వల్ల సెన్సర్ మీది స్థిరమైన మచ్చలు ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ జరుగుతూ గీతలయ్యాయి. ఎన్ని డార్కులు (మూత పెట్టి, అదే ఎక్స్‌పోజర్‌తో తీసిన ఫ్రేములు) వేసినా పూర్తిగా పోవు. పది ఫ్రేములకోసారి షూటింగ్ ఆపి, గురిని 10-15 పిక్సెళ్లు ఒక్కోసారి ఒక్కో దిక్కుకు జరపండి. స్టాక్‌లో సిగ్మా క్లిప్పింగ్ (మిగతా ఫ్రేములకు భిన్నమైన పిక్సెళ్లను వదిలేసే పద్ధతి) ఎంచుకుంటే మచ్చలతోపాటు ఉపగ్రహాల గీతలూ పోతాయి.

మిగిలిన చిన్నవి

స్టాక్ పూర్తిగా నల్లగా ఉంటే భయపడకండి, డేటా ఇంకా స్ట్రెచ్ కాలేదు. సిరిల్‌లో ఆటోస్ట్రెచ్ వీక్షణ పెట్టి చూడండి. పచ్చగా ఉంటే రంగు కాలిబ్రేషన్ (రంగులను సరిచేయడం) మిగిలింది. బేయర్ సెన్సర్లో (మామూలు రంగు కెమెరాల సెన్సర్లో) ఎరుపు కంటే, నీలం కంటే పచ్చ పిక్సెళ్లు రెట్టింపు. ఎం42 నడిమి భాగం తెల్లగా కాలిపోతే, 5 సెకన్ల ఫ్రేములు 30 విడిగా తీసి ఆ చోట కలపాలి. ఎర్ర నెబ్యులాలు వెలవెలబోతే కెమెరాలోని ఫిల్టరే హైడ్రోజన్ ఎరుపులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తోంది. అలాంటి కెమెరాతో వాటికి రెట్టింపు కంటే ఎక్కువ సమయమే ఇవ్వాల్సి వస్తుంది.