రొమ్ము ఇంప్లాంట్ శస్త్రచికిత్స తరువాత గమనించవలసిన మార్పులు, తీసుకోవలసిన జాగ్రత్తలు

క్యాన్సర్ వల్ల రొమ్ము తొలగించిన తరువాత పునర్నిర్మాణం కోసం అమర్చినా, ఆకృతి కోసం అమర్చుకున్నా, ఇంప్లాంట్ (రొమ్ములో అమర్చే, సిలికాన్ జెల్ లేదా ఉప్పునీరు నింపిన సంచి) జీవితాంతం ఉండే వస్తువు కాదు. శరీరంలో అది ఉన్న కాలం పెరిగేకొద్దీ ఇబ్బందులు వచ్చే అవకాశమూ, మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశమూ పెరుగుతాయి. అందువల్ల ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే ముందే, తయారీదారు పేరు, రకం, సీరియల్ నంబరు ఉన్న ఇంప్లాంట్ కార్డును అడిగి తీసుకుని, ఇంటి పత్రాలతో పాటు భద్రపరచుకోవాలి.

మొదటి వారాల్లో రెండు వైపులా వాపు, కమిలిన మచ్చలు, బిగుతు, చనుమొన దగ్గర తిమ్మిరి సాధారణంగా కనిపిస్తాయి, క్రమంగా తగ్గుతాయి. అయితే ఒక వైపు రొమ్ము మాత్రమే హఠాత్తుగా ఉబ్బి నొప్పి పెరిగితే లోపల రక్తం చేరి ఉండవచ్చు. జ్వరం, ఎర్రదనం, వేడి, కుట్ల దగ్గర చీము ఇన్ఫెక్షన్‌కు సూచనలు. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్స్ వేసుకుంటూ రోజులు గడపకుండా, ఆపరేషన్ చేసిన వైద్యుని వెంటనే కలవాలి. ఇన్ఫెక్షన్ ముదిరితే ఇంప్లాంట్‌నే తీసివేయవలసి రావచ్చు.

శరీరం ఏ పరాయి వస్తువు చుట్టూ అయినా ఒక పొరను కట్టుకుంటుంది. ఇది సహజమే. ఆ పొర బిగుసుకుపోయినప్పుడు రొమ్ము గట్టిపడి, ఆకారం మారి, చివరికి నొప్పి మొదలవుతుంది. రేడియేషన్ చికిత్స పొందిన వారిలో ఈ సమస్య ఎక్కువ. వీడియోలు చూసి సొంతంగా మర్దన చేయడం మంచిది కాదు. అవసరమో కాదో ఇంప్లాంట్ రకాన్ని బట్టి వైద్యులే చెప్పాలి.

సెలైన్ ఇంప్లాంట్ చిరిగితే ఉప్పునీరు శరీరంలో ఇంకిపోయి రొమ్ము కుంచించుకుపోతుంది కనుక సులభంగానే తెలుస్తుంది. సిలికాన్ జెల్ ఇంప్లాంట్ చిరిగినా బయటికి ఏ మార్పూ కనిపించకపోవచ్చు. ఈ కారణంగానే సిలికాన్ అమర్చుకున్న వారు ఏ లక్షణం లేకపోయినా 5 నుంచి 6 ఏళ్ళ తరువాత మొదటిసారి, ఆపైన 2 నుంచి 3 ఏళ్ళకొకసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచిస్తోంది.

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పవలసినది ఏళ్ళ తరువాత వచ్చే వాపు గురించి. గాయం ఎప్పుడో మానిపోయి, ఆపరేషన్ సంగతే మరచిపోయిన దశలో ఒక రొమ్ము చుట్టూ నీరు చేరి పెద్దదైతే, దానిని తప్పకుండా పరీక్షించాలి. పైభాగం గరుకుగా ఉండే ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా వస్తుంది. ఇది రొమ్ము కణజాలపు క్యాన్సర్ కాదు, రోగనిరోధక వ్యవస్థకు చెందిన క్యాన్సర్. సగటున 8 నుంచి 10 ఏళ్ళకు బయటపడుతుంది. ఈ కారణంతోనే 2019 జులైలో అలర్గాన్ సంస్థ తన బయోసెల్ రకం ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. చేరిన నీటిని సూదితో తీసినప్పుడు పారబోయకుండా ఈ లింఫోమాను గుర్తించడానికి చేసే సీడీ30 పరీక్షకు పంపమని రోగి అడగవచ్చు, అడగాలి కూడా. త్వరగా గుర్తిస్తే ఇంప్లాంట్‌నూ చుట్టూ ఉన్న పొరనూ పూర్తిగా తొలగించడంతోనే చాలామందికి నయమవుతుంది. లక్షణాలు లేనివారు భయంతో ముందుగానే తీయించుకోనవసరం లేదని ఎఫ్‌డీఏ స్పష్టం చేసింది. తమకు అమర్చినది ఏ రకమో తెలియక ఆందోళన పడేవారికి కార్డు ఇక్కడ అక్కరకు వస్తుంది.

ఇంప్లాంట్ ఉన్నంత మాత్రాన మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌-రే) మానకూడదు. సిగ్గుతోనో, ఇంట్లో తెలుస్తుందనో ఇంప్లాంట్ సంగతి దాచడం ప్రమాదకరం. టెక్నీషియన్‌కు ముందే చెబితే, ఇంప్లాంట్‌ను వెనక్కి నెట్టి రొమ్ము కణజాలాన్ని ముందుకు లాగి అదనపు చిత్రాలు తీస్తారు. లేకపోతే గడ్డ దాని చాటున ఉండిపోవచ్చు. చంకలో గడ్డ, చర్మం సొట్ట పడటం, చనుమొన నుంచి రక్తం కనిపిస్తే అది ఇంప్లాంట్ వల్లనేనని అనుకుని ఊరుకోకూడదు.

రొమ్ము తొలగించకుండా ఆకృతి కోసం ఇంప్లాంట్ అమర్చుకున్న తల్లులు చాలామంది దానితోనూ పాలివ్వవచ్చు. చనుమొన చుట్టూ కోత పెట్టిన వారిలో పాలు తగ్గే అవకాశం ఉంది కనుక, ప్రసవానికి ముందే ప్రసూతి వైద్యులకూ పిల్లల వైద్యులకూ ఈ విషయం చెప్పి, తొలి వారాల్లో శిశువు బరువును తరచూ చూపించుకోవాలి.