డీక్యూ అయ్యాక ఆ 10 నిమిషాలు

ప్రాక్టికల్ షూటింగ్ (కదులుతూ, టైమ్‌తో పోటీపడుతూ టార్గెట్లను కాల్చే ఆట) మ్యాచ్‌లో సేఫ్టీ తప్పుకు డీక్యూ (డిస్‌క్వాలిఫై, అంటే మ్యాచ్ నుంచి తొలగింపు) అయితే, కోపంతో అక్కడికక్కడే వాదనకు దిగాలనిపిస్తుంది. నా మొదటి డీక్యూ రోజు మాట నోటిదాకా వచ్చింది. ఆ రోజు పనికొచ్చిన పద్ధతి ఇది.

"స్టాప్" వినగానే వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటికి తీసి, గన్ టార్గెట్ల వైపే ఉంచి కదలకుండా నిలబడండి. "స్టాప్" చెప్పిన రేంజ్ ఆఫీసర్ (షూటర్ పక్కనుండి సేఫ్టీ చూసే అధికారి) చెప్పినట్టు అన్‌లోడ్ చేసి చూపించండి. ఏ తప్పు జరిగిందో ఒక్కసారే అడిగి, పూర్తిగా విని, థాంక్స్ చెప్పండి. గన్ బ్యాగులో పెట్టేశాక 10 నిమిషాలు ఒంటరిగా నడవండి. తర్వాత స్క్వాడ్ (మీతో కలిసి షూట్ చేసే గుంపు) దగ్గరికే తిరిగొచ్చి, మ్యాచ్ అయ్యేదాకా టార్గెట్లలో బుల్లెట్ రంధ్రాలు మూసే ప్యాచ్‌లు అతికించండి, పడిన స్టీల్ ప్లేట్లు నిలబెట్టండి. నాకు అన్నిటికన్నా సాయపడింది ఇదే. చేతిలో పని ఉంటే ముఖం చాటేయాలనిపించదు. మీ స్క్వాడ్‌లో వేరేవాళ్లకు డీక్యూ అయినా అంతే, సలహాలు ఇవ్వకుండా ప్యాచ్‌ల రోల్ చేతికివ్వండి.

అప్పీల్ చేయాలనుకుంటే మాత్రం ఇది కుదరదు. ఐపీఎస్‌సీ (ప్రాక్టికల్ షూటింగ్ అంతర్జాతీయ సంస్థ) నియమాల్లో ఘటన జరిగిన గంటలోపే రేంజ్ మాస్టర్‌కు (రేంజ్ ఆఫీసర్ల పైఅధికారికి) రాసి ఇవ్వాలి. అప్పుడు నడక మానేసి ముందు ఆ కాగితం రాయండి.