నెలోర్ విత్తనపు కోడె ఎంపిక: టేపు ఎక్కడ చుట్టాలి?

మన ఒంగోలు జాతి నుంచి బ్రెజిల్‌లో వృద్ధి చేసిన మాంసపు పశువులే నెలోర్. వీటిలో చూలు నిలవడంపై జన్యువుల కంటే మేత, పోషణల ప్రభావమే ఎక్కువ. వృషణాల చుట్టుకొలతకు మాత్రం వారసత్వ వాటా, అంటే పశువుల మధ్య తేడాల్లో జన్యువుల వల్ల వచ్చే భాగం, సుమారు 0.4. పైగా కొలత ఎక్కువున్న కోడెకు పుట్టిన పెయ్యలు సాధారణంగా త్వరగా ఎదకొస్తాయి.

365, 450 రోజుల వయసులో కొలవండి. వృషణాలు రెండింటినీ సంచి అడుగుకు దించి, పైన సంచి మెడ దగ్గర పట్టుకుని, బాగా వెడల్పున్న చోట టేపు చుట్టాలి. బొటనవేలు మధ్యలో దూర్చారో, అవి విడిపోయి లేని సెంటీమీటర్లు పుట్టుకొస్తాయి.

ఒకే మేత మీద పెరిగిన ఈడు కోడెలనే పోల్చండి. బలిసిన దూడ కొలత పెద్దదే, కానీ అది దాణా గొప్ప కావచ్చు. అందుకే ఒంటరి కొలత కంటే, బంధువుల రికార్డులూ కలిపి లెక్కగట్టిన జన్యు విలువకే మొగ్గండి.