ఆటలతో నర్సింగ్ పాఠాలు – 3: కోమా స్కేలును నటించి నేర్చుకుందాం

పోయిన భాగంలో సెలైన్ చుక్కల లెక్కను పందెం వేసి ఆడుకున్నాం. 500 ఎం.ఎల్. సీసా 4 గంటల్లో ఎక్కాలి, సెలైన్ గొట్టం సెట్టు ఎం.ఎల్.కి 20 చుక్కలది అనగానే ‘నిమిషానికి 42’ అని మీ నోట వచ్చేస్తోందా? అయితే ముందుకు వెళ్దాం. రాకపోతే ఇంకో రెండు రాత్రులు అదే ఆడండి, తొందరేమీ లేదు.

ఈసారి గ్లాస్గో కోమా స్కేలు, అంటే రోగి ఎంత స్పృహలో ఉన్నాడో మార్కుల్లో చెప్పే కొలత. 1974లో గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే న్యూరోసర్జన్లు దీన్ని తెచ్చారు. కళ్ళకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. దేనికీ స్పందన లేకపోయినా ఒక్కోదానికి 1 పడుతుంది కాబట్టి 3 కంటే తగ్గదు. ఇంటర్నల్స్‌లో ఇదంతా అందరం గడగడా రాసేస్తాం. తలకు దెబ్బ తగిలిన మనిషి మంచం పక్కన నిలబడితే మాత్రం చెయ్యి ఆడదు. ఎందుకంటే పట్టికను కాగితం మీద చూశాం గానీ మనిషిలో చూడలేదు.

బెంగళూరులో నర్సింగ్ చదువుతుండగా నాకూ అదే జరిగింది. న్యూరో వార్డులో పోస్టింగ్. పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయనను తెలుగు కలిసిన హిందీలో పేరు, ఊరు అడిగాను. ఆయన ఏదో పొంతన లేకుండా చెప్పినట్టు అనిపించి, మాటకు 4, అంటే తికమకగా మాట్లాడుతున్నాడని, వేశాను. కాసేపటికి ఇన్‌చార్జ్ సిస్టర్ వచ్చి కన్నడలో అడిగితే పేరు, ఊరు, నెల అన్నీ సరిగ్గా చెప్పాడు. 5 వేయాల్సింది. నేను వేసిన 4 అలాగే ఉండిపోయి, ఆ రాత్రి ఆయన నిజంగానే తికమకపడి ఉంటే, ‘పొద్దున కూడా నాలుగే కదా’ అనుకుని డాక్టర్‌ను పిలిచేవాళ్ళే ఉండరు. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. ఈ ఆట అక్కడే పుట్టింది.

కావలసింది ముగ్గురు మనుషులు, 15 చీటీలు, ఒక మంచం. కళ్ళ చీటీలు నాలుగు, మాటవి ఐదు, కదలికవి ఆరు. ఒక్కో కుప్పలో 1 నుంచి వరసగా చీటీకొక మార్కు రాసి, మూడు కుప్పలుగా బోర్లించండి. ఒకరు రోగి. ఒక్కో కుప్పలోంచి ఒక్కో చీటీ తీసి, ఎవరికీ చూపించకుండా దిండు కింద పెట్టుకుని పడుకుని, ఆ మార్కులకు తగ్గట్టు నటించాలి. రెండోవాళ్ళు నర్సు, ఆ మార్కులు కనిపెట్టాలి. మూడోవాళ్ళు సాక్షి. నర్సు ముందు ఊరికే చూడాలి, తర్వాత పిలవాలి, అప్పుడే నొప్పికి స్పందన చూడటానికి నొక్కాలి. ఈ వరస తప్పితే సాక్షి ‘ఆపు’ అంటారు, వంతు పోయినట్టే. నొక్కడమంటే గోరు మీద పెన్ను ఆనించి ‘నొక్కాను’ అనడమే. స్నేహితురాలిని నిజంగా నొప్పించొద్దు.

మాట దగ్గర ఒక నియమం: అడగడం కన్నడలోనే, ఆ పెద్దాయన దగ్గర నేను తప్పింది అక్కడే కదా. ‘నిమ్మ హెసరేను?’ అంటే మీ పేరేంటని. ‘ఈగ ఎల్లిద్దీరి?’ అంటే ఇప్పుడు ఎక్కడున్నారని. కదలికకు ‘కై ఎత్తి’, చెయ్యి ఎత్తండి. హిందూపురం, మదనపల్లె వైపు పిల్లలకు ఇది కష్టం కాదు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఈ మూడు ముక్కలూ గది తలుపు మీద అంటించుకోండి.

ఇక అసలు చిక్కు కదలికలో ఉంది. 6 అంటే చెప్పింది చేయడం. 5 అంటే మెడ దగ్గర నొక్కితే చెయ్యి కాలర్ బోను దాటి ఆ చోటికే రావడం. అందరూ తడబడేది 4, 3 దగ్గర. రెండింటిలోనూ మోచెయ్యి ముడుచుకుంటుంది. 4లో వేడి గిన్నె తగిలినట్టు చటుక్కున, చెయ్యి ఒంటికి దూరంగా పోతుంది. 3లో నెమ్మదిగా, ప్రతిసారీ ఒకేలా, ఛాతీ మీదికి వస్తుంది. బొటనవేలు పిడికిలి లోపలికి పోతుంది, కాళ్ళు బిగుసుకుంటాయి. 2లో మోచెయ్యి ముడుచుకోదు, చాచుకుపోతుంది. రోగి వేషం వేసినవాళ్ళు దీన్ని ఒంటితో చేసి చూపాలి. మీ చెయ్యి ఒక్కసారి అలా ఛాతీ మీదికి వచ్చిందంటే వైవాలో 3ని మర్చిపోరు. కుడి, ఎడమ చేతులు వేర్వేరుగా కదిలితే మెరుగైనదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

మార్కులు మొత్తానికి కాదు, విడివిడిగా వేయండి. కళ్ళు 2, మాట 3, కదలిక 5 అయితే 10. కళ్ళు 4, మాట 1, కదలిక 5 అయినా 10. మొదటి మనిషి మగతగా ఉన్నాడు, రెండోవాడు కళ్ళు తెరిచి చూస్తున్నాడు గానీ మాట లేదు. ఇద్దరూ ఒకటేనా? ‘పది’ అని ఊరుకున్న నర్సుకు సున్నా.

చీటీలు కలిసినప్పుడు కొన్ని వింత రోగులు వస్తారు. కళ్ళు 1, మాట 5 వస్తే పారేయకండి. కళ్ళు వాచి మూసుకుపోయాయేమో? అప్పుడు 1 వేయకూడదు, పరీక్షించడం కుదరలేదని కారణంతో సహా రాయాలి. గొంతులో ట్యూబు ఉన్న రోగికి మాట దగ్గరా అంతే. ఈ వాదనలకు సమయం పట్టనివ్వండి, నా లెక్కలో ఆటలో బలమైన భాగం ఇదే.

రాత్రికి పది వంతులు చాలు. తప్పిన చీటీని కుప్పలో కలపకుండా పక్కన పెట్టి, మర్నాడు ఆట దానితోనే మొదలుపెట్టండి. వచ్చే భాగంలో విరుగుడు మందుల జతలు ఆడదాం. హెపారిన్‌కు ప్రోటమిన్, మెగ్నీషియం సల్ఫేట్‌కు కాల్షియం గ్లూకోనేట్ లాంటివి మీకు తెలిసినన్ని ఈలోగా చీటీల మీద రాసి ఉంచండి.