పిల్లల సద్ది వేడి చేయాలంటే ఏ డబ్బ కొనాలి?

సద్ది డబ్బ కొనేటప్పుడు చాలామంది పులుసు కారుతుందా, బ్యాగులో పడుతుందా అని మాత్రమే చూస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఆ అన్నాన్ని ఎవరు, ఎక్కడ, దేనిమీద వేడి చేస్తారు?

వరంగల్, హన్మకొండ, కాజీపేట ఇళ్లలో ఇది ఎక్కువగా మూడు రకాలుగా జరుగుతుంది. పొద్దున స్కూలు బస్సు వచ్చేలోపు రాత్రి కూరను డబ్బతోనే మైక్రోవేవ్‌లో పెట్టేవాళ్లున్నారు. కొన్ని డే కేర్లలో, బడుల్లో మధ్యాహ్నం ఆయమ్మ వేడి చేస్తుంది. ఒంటిపూట బడులు మొదలయ్యాక, అమ్మానాన్నలు పనికి పోతూ పెట్టిపోయిన సద్దిని నానమ్మ స్టవ్ మీద వేడి చేసి పెడుతుంది. ఈ మూడింటికీ సరిపోయే ఒకే డబ్బ దొరకదు. మోసుకుపోయే డబ్బ వేరు, వేడి చేసే గిన్నె వేరు అని పెట్టుకుంటే సగం చిక్కు అక్కడే తీరుతుంది. మైక్రోవేవ్ అయితే గాజు, పొయ్యి అయితే స్టీలు. ప్లాస్టిక్‌లో మాత్రం, దాని మీద ఏ గుర్తు ఉన్నా, పిల్లల అన్నం వేడి చేయకండి.

ప్లాస్టిక్ అడుగున ఉన్న అంకె ఏం చెబుతుంది

డబ్బను బోర్లిస్తే మూడు బాణాల ముక్కోణం, అందులో 1 నుంచి 7 వరకు ఒక అంకె కనిపిస్తుంది. అది ఏ రకం ప్లాస్టిక్ అన్నది చెబుతుంది, వేడికి ఆగుతుందని హామీ ఇవ్వదు. 1 అంటే నీళ్ల సీసాల ప్లాస్టిక్, 70-80 డిగ్రీలకే మెత్తబడి ముడుచుకుంటుంది. 3 పీవీసీ, 6 పాలీస్టైరీన్, 7 అంటే మిగతావన్నీ. గట్టిగా, అద్దంలా మెరిసే పాలీకార్బొనేట్ కూడా ఆ 7లోనే ఉంటుంది. బీపీఏ అనే రసాయనం గురించి భయపడేది దాని వల్లనే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన సూచనల్లో 3, 6, 7 అంకెల డబ్బలకు దూరంగా ఉండమనీ, వీలైనంతవరకు ప్లాస్టిక్‌లో అన్నం, పాలు మైక్రోవేవ్ చేయొద్దనీ ఉంది.

5వ అంకె పాలీప్రొపిలీన్. దాదాపు 160 డిగ్రీల దాకా కరగదు కాబట్టి 'మైక్రోవేవ్ సేఫ్' అని అమ్మేవాటిలో ఎక్కువ ఇవే. కరగకపోవడం ఒకటి, అన్నంలోకి ఏదీ దిగకపోవడం ఇంకొకటి. 2023లో నెబ్రాస్కా-లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పసిపిల్లల ఆహారం డబ్బలను మైక్రోవేవ్‌లో 3 నిమిషాలు వేడి చేసి చూశారు. ఒక చదరపు సెంటీమీటరు మేర నుంచే 40 లక్షలకు పైగా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు రాలిన సందర్భాలు అందులో ఉన్నాయి. పరీక్షించినవాటిలో పాలీప్రొపిలీన్ డబ్బలూ ఉన్నాయి. 'బీపీఏ ఫ్రీ' అని రాసి ఉంటే ఆ ఒక్క రసాయనం లేదని మాత్రమే అర్థం.

మన కూరలతో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతాయి, నూనె మాత్రం ఆ పైన కూడా వేడెక్కుతూనే ఉంటుంది. అందుకే నూనె తేలిన కోడికూరనో ఆలుగడ్డ వేపుడునో ప్లాస్టిక్‌లో వేడి చేస్తే, నూనె ఆనిన గీత వెంబడి గరుకుగా చిన్న చిన్న గుంతలు పడతాయి. ఎర్రగా అంటుకుని ఎంత తోమినా పోని టమాట మరక కూడా ఆ గరుకులోనే నిలుస్తుంది. అట్లాంటి డబ్బను వేడి అన్నానికి వాడడం ఆపేసి బియ్యానికో పల్లీలకో పెట్టుకోండి. పీచుతో తోమి గీతలు పడ్డవి, ఎండకు డాబా మీద ఆరబెట్టి ఆరబెట్టి తెల్లబారినవి, కడిగినా కూర వాసన పోనివి కూడా అంతే. మన ఎండకు పాలీప్రొపిలీన్ పెళుసుబారుతుంది, నీడలో ఆరబెట్టండి.

బిర్యానీ పార్సిల్ డబ్బలు, ఐస్‌క్రీం డబ్బలు, మిఠాయి డబ్బలు ఒక్కసారి వాడకానికి చేసినవి. వాటిలో సద్ది వేడి చేయడం పూర్తిగా మానుకోవాలి. బొమ్మలున్న మెలమైన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గిన్నెలు, పళ్లేలు చూడడానికి పింగాణీలా ఉంటాయి కానీ మైక్రోవేవ్‌లో అవే వేడెక్కుతాయి. పులుపు, వేడి కలిస్తే వాటి నుంచి మెలమైన్, ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాలు అన్నంలోకి దిగుతాయి. అందుకని పుంటికూర పప్పు, చారు వాటిలో వేడి చేయొద్దు.

స్టీలు డబ్బ: పొయ్యి మీద ఎట్లా

దుకాణంలో అయస్కాంతం పెట్టి చూసి మంచి స్టీలు, చెడ్డ స్టీలు అని తేల్చేస్తుంటారు. దాన్ని నమ్ముకోవద్దు. 304 రకం, దానికంటే చవకైన 202 రకం, రెండింటికీ అయస్కాంతం పెద్దగా అంటదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, అందుకే దాన్ని 18/8 అని కూడా రాస్తారు. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, ఉప్పూ పులుపూ తగిలితే త్వరగా మచ్చలు పడతాయి. కాబట్టి అడుగున 304 అనో 18/8 అనో అచ్చు ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి. స్టీలు పాత్రలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 14756. ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

స్టీలును మైక్రోవేవ్‌లో పెట్టొద్దన్నది అందరికీ తెలుసు. పొరపాటు జరిగేది బయట రంగు ప్లాస్టిక్, లోపల స్టీలు ఉన్న డబ్బలతో. బయట నుంచి చూసి ప్లాస్టిక్ అనుకుని ఆయమ్మ మైక్రోవేవ్‌లో పెట్టేస్తుంది, నిప్పురవ్వలు లేస్తాయి. అదే డబ్బను ఇంట్లో స్టవ్ మీద పెడితే బయటి ప్లాస్టిక్ కాలుతుంది. వేడి చేసే అవసరం ఉంటే ఈ రకం కొనకండి. రెండు పొరల మధ్య గాలి తీసేసిన వాక్యూమ్ డబ్బలైతే మంట మీద ఇంకా ప్రమాదం, లోపలి పొర ఉబ్బి పగలొచ్చు.

ఒకే పొర స్టీలు డబ్బను కూడా నేరుగా మంట మీద పెడితే పలుచటి అడుగు వంకర పోతుంది, కింద అన్నం మాడి పైన చల్లగానే ఉంటుంది. ఆవిరి మీద వేడి చేయడమే మంచి పద్ధతి:

1. ప్లాస్టిక్ మూత, క్లిప్పులు, లోపలి రబ్బరు రింగు తీసి పక్కన పెట్టండి.
2. వెడల్పు గంజులో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, అడుగున చిన్న స్టాండు పెట్టి నీళ్లు మరగనివ్వండి. ఇడ్లీ పాత్ర ఉంటే ఇంకా సులువు.
3. అన్నం మీద రెండు చెంచాల నీళ్లు చల్లి, డబ్బను స్టాండు మీద పెట్టండి. డబ్బ మీద స్టీలు పళ్లెం బోర్లించి, గంజుకు మూత వేయండి.
4. సన్నటి మంట మీద 10 నిమిషాలు ఉంచి, మధ్యలో ఒకసారి కలపండి. నడిమధ్యలో కూడా పొగలు రావాలి. గుచ్చే థర్మామీటర్ ఉంటే 75 డిగ్రీలు చూపాలి.

గాజు డబ్బ, దాని మూత

మైక్రోవేవ్ ఉన్న డే కేర్‌కైతే బోరోసిలికేట్ గాజు తీసుకోండి. మామూలు గాజుతో పోలిస్తే వేడికి ఇది దాదాపు మూడో వంతే వ్యాకోచిస్తుంది, అందుకే పగుళ్లు తక్కువ. పగలదని కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బను పది నిమిషాలు బయట ఉంచాకే వేడి చేయాలి, వేడి డబ్బను తడి గ్రానైట్ గట్టు మీద పెట్టొద్దు. అంచు చిట్లితే ఇక దాన్ని వాడకూడదు. ఆరేడేళ్ల పిల్లలకు 350-400 మిల్లీలీటర్ల డబ్బ సరిపోతుంది. చిన్నపిల్లల బ్యాగుకు గాజు బరువే, కాబట్టి ఒక గాజు గిన్నెను డే కేర్‌లోనే ఉంచి, స్టీలు డబ్బలో పంపిన సద్దిని అందులోకి వంపి వేడి చేయమనడం మా దృష్టిలో అన్నిటికంటే మేలు.

గాజు డబ్బ కొన్నవాళ్లు ఎక్కువగా మరిచేది మూత సంగతి. డబ్బ గాజుదైనా మూత ప్లాస్టిక్‌ది. నాలుగు వైపులా నొక్కి వేసిన మూతతో వేడి చేస్తే ఆవిరి పోయే దారి ఉండదు. మూత ఎగిరిపోవచ్చు, లేదా తీసేటప్పుడు ఆవిరి పిల్లల మొహానికి కొడుతుంది. మూత పూర్తిగా తీసి, బంగారు అంచు లేని పింగాణీ సాసరు కప్పాలి. అన్నాన్ని అంచుల వైపు పరిచి మధ్యలో గుంతలా వదిలితే వేడి సమంగా పడుతుంది. 800 వాట్ల ఓవెన్‌లో పావు కిలో పప్పన్నానికి ముందు నిమిషంన్నర, కలిపి మళ్లీ అర నిమిషం, ఆ తర్వాత రెండు నిమిషాలు ఆగి తినిపించాలి. ఉడికించిన గుడ్డును రెండుగా కోయకుండా లోపల పెడితే పేలుతుంది. పెరుగు, పచ్చిపులుసు వేడి చేసేవి కావు, వాటికి వేరే చిన్న స్టీలు డబ్బ పెట్టండి.

ఇంట్లో ఉన్న పింగాణీ గిన్నె పనికొస్తుందో లేదో తెలుసుకోవాలంటే, ఖాళీ గిన్నెను, పక్కనే నీళ్లున్న గాజు గ్లాసును కలిపి ఒక నిమిషం మైక్రోవేవ్ చేయండి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే సరే, గిన్నే వేడెక్కితే వద్దు. బంగారు, వెండి గీతలున్నవాటికి ఈ పరీక్ష చేయకండి.

ఇత్తడి, అల్యూమినియం

ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి పక్కనే ఉన్న మనకు ఇత్తడి మీద మోజు సహజమే. కళాయి లేని ఇత్తడిలో, రాగిలో పులుపు పెట్టొద్దు. కళాయి ఉన్నా ఖాళీగా మంట మీద పెడితే ఆ తగరం పూత 232 డిగ్రీలకే కరుగుతుంది. చింతపండు పులిహోరను అల్యూమినియం రేకులో చుట్టినా లోహం అన్నంలోకి దిగుతుంది. రొట్టెలను న్యూస్‌పేపర్‌లో చుట్టడం అయితే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారమే నిషిద్ధం. ఉతికిన నూలు గుడ్డ చాలు.

బడిలో వేడి చేసే వీలు లేకపోతే

అప్పుడు వాక్యూమ్ ఫ్లాస్కు డబ్బ కొనాలి. కొన్నాక మరిగే నీళ్లు పోసి మూత పెట్టి పది నిమిషాలాగి బయట పట్టుకుని చూడండి. వేడి తగిలితే వాక్యూమ్ లేదన్నట్టే, మార్పించుకోండి. రోజూ పొద్దున ముందు మరిగే నీళ్లతో పది నిమిషాలు నింపి ఉంచి, వంపేసి, పొగలు కక్కుతున్న అన్నం వెంటనే నింపాలి. సగం నింపితే త్వరగా చల్లారుతుంది. ఒక సెలవు రోజు ఇట్లాగే పొద్దున నింపి, మధ్యాహ్నం థర్మామీటర్‌తో చూడండి. 60 డిగ్రీల కంటే తగ్గితే ఆ డబ్బ బడికి పనికిరాదు.

గోరువెచ్చగా ఉన్న అన్నం చల్లటి అన్నం కంటే ప్రమాదం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు పెరుగుతాయి. బయటి వేడి 32 దాటితే ఆ స్థితిలో అన్నం ఒక గంటకు మించి ఉండకూడదని నియమం, మన మార్చి, ఏప్రిల్‌ మధ్యాహ్నాలు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రి అన్నం పెట్టాలంటే వండిన గంటలోపే పలుచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి ఉండాలి. అట్లా కుదరని రోజు జొన్నరొట్టె, పొడి కూర పంపండి.

కరెంటు డబ్బ తీసుకుంటే లోపలి గిన్నెలు స్టీలువే ఉండాలి. ప్లగ్గు పెట్టే పని పెద్దవాళ్లదే, బడి ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి.

ఏ డబ్బ పంపినా దాని మీద టేపు అంటించి పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి: 'స్టీలు - మైక్రోవేవ్ వద్దు', లేదా 'మూత తీసి వేడి చేయాలి'. మూత లోపలి సిలికాన్ రింగును వారానికోసారి చెంచా కాడతో లేపి తీసి, సబ్బు కలిపిన వేడి నీళ్లలో నానబెట్టి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. నల్ల చుక్కలు పడితే రింగు మార్చాలి. కొనేటప్పుడే రింగు విడిగా దొరికే రకం చూసుకుంటే దానికోసం డబ్బ మొత్తం పారేయాల్సిన పని ఉండదు.