బర్న్స్ వార్డులో డ్యూటీ పడిందా? జ్వరాన్ని నమ్మొద్దు

కరోనా లాంటిది మళ్లీ ముదిరితే, బర్న్స్ వార్డుకు కొత్తగా వచ్చే చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ నేను ముందు చెప్పేది ఇదే. ఒళ్లు ఎక్కువగా కాలిన వాళ్లకు ఇన్ఫెక్షన్ లేకున్నా జ్వరం ఉంటుంది, పొగ పీల్చిన వాళ్లకు దగ్గు, ఆయాసం ఎట్లాగూ తప్పవు. నుదుటి దగ్గర థర్మామీటర్ పెట్టి తేల్చే పని కాదిది. వచ్చిన ప్రతి పేషెంటుకూ టెస్ట్ చేయించండి, రిపోర్టు వచ్చేదాకా పాజిటివ్ అనుకునే ముట్టుకోండి. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో ఆటో నిండా చుట్టాలు దిగుతారు, తిట్టినా సరే, లోపలికి ఒక్కరే, అదీ మాస్కుతో.

అసలు కష్టం డ్రెస్సింగ్ దగ్గర. పెద్ద గాయమైతే గంట దాటుతుంది, పైగా కాలిన ఒంటికి వేడి నిలవదు కాబట్టి గదిని 30 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచుతాం. మే నెల వరంగల్ ఎండలో, ఆ గదిలో, పీపీఈ కిట్ వేసుకుంటే గ్లౌజుల్లో చెమట నిలుస్తుంది, చెయ్యి తెలియకుండానే మొహం మీదికి పోతుంది. అందుకే నీళ్లు తాగి, బాత్రూమ్‌కు పోయొచ్చి, రోలర్ బ్యాండేజీలు, ప్యాడ్లు, క్రీము, కత్తెర అన్నీ ట్రాలీలో సర్దుకున్నాకే కిట్ వేసుకోండి. గాయాన్ని షవర్ కింద కడిగితే తుంపర్లు లేస్తాయి, మంచం మీదే సెలైన్‌తో నానబెట్టి పాత కట్టు విప్పండి. గొంతులో ట్యూబు వేసేటప్పుడు, సక్షన్ చేసేటప్పుడు, అంటే మిషన్‌తో కఫం లాగేటప్పుడు, పని లేనివాళ్లు గదిలో ఉండొద్దు.

ఎన్‌95 మాస్కు పెట్టుకున్నాక రెండు చేతులూ అడ్డం పెట్టి గట్టిగా ఊదండి, అంచుల్లోంచి గాలి తగిలితే లీకున్నట్టే. గడ్డం పెంచిన తమ్ముళ్లకు అది అతకదు, కోపం తెచ్చుకోకుండా గీసుకోండి. ఇంకోటి, శానిటైజర్‌కు నిప్పు అంటుకుంటుంది, చేతులు పూర్తిగా ఆరాకే కాటరీ (కాల్చి రక్తం ఆపే మిషన్) దగ్గరికైనా స్టవ్ దగ్గరికైనా పొండి. ఈ మాట బర్న్స్ వార్డు వాళ్లకు చెప్పాలా అంటారు గానీ, చెప్పాలి.

కిట్ తీసేటప్పుడు వరుస ఇది: గ్లౌజులు, గౌను, కళ్లజోడు, చివరికి గది బయటికొచ్చాకే మాస్కు. ఒక్కోటి తీసినప్పుడల్లా చేతులు శుభ్రం చేసుకోవాలి.

2021లో మా ముగ్గురికి ఒకేసారి కరోనా అంటింది. ఎక్కడ అంటిందో రుజువేం లేదు గానీ, నా అనుమానం డ్యూటీ రూము మీదే. లోపల అంత జాగ్రత్తగా ఉండి, బయట మాస్కులు దించి, ఒకే బల్ల చుట్టూ చాయ్ తాగుతూ సర్వపిండి పంచుకున్నాం. ఇప్పుడు కిటికీ పక్కన రెండే కుర్చీలు, మూడో మనిషొస్తే గ్లాసు పట్టుకుని వరండాలోకి పోవాల్సిందే.